రష్యా చమురు, భీమవరం రొయ్య

యుద్ధ వార్తలకు టీవీ అక్కర్లేదని మా వీధిలో బజ్జీల బండి ఆవిడ 2022లోనే తేల్చేసింది. ఆ ఫిబ్రవరి 24న రష్యా సేనలు ఉక్రెయిన్‌లోకి దిగాయి. మనం దిగుమతి చేసుకునే పొద్దుతిరుగుడు నూనెలో సింహభాగం అప్పట్లో ఉక్రెయిన్‌దే, మిగతాదాంట్లో ఎక్కువ రష్యాది. అంటే కొట్టుకుంటున్న ఇద్దరూ మన మూకుట్లో వాళ్లే. పాత స్టాకు ప్యాకెట్టుకు కొత్త ధర ఎందుకండీ అంటే కిరాణా కొట్టాయన ‘‘యుద్ధమండీ’’ అన్నాడు. ఆ మాట తర్వాత ఇంకేం అడుగుతాం? ఆ వేసవిలో సెలూన్లో కటింగు రేటు పెరగడానికీ ఉక్రెయినే కారణమని విన్నాను.

పెట్రోలు మాత్రం అలా తొందరపడలేదు. దానికి సంస్కారం ఎక్కువ, పోలింగు తేదీలను గౌరవిస్తుంది. 2022 మార్చి 7న, ఉత్తరప్రదేశ్‌లో ఆఖరి విడత ఓట్లు పడుతున్న రోజున, బ్యారెల్ ధర 139 డాలర్లను తాకింది. బంకులో అంకె కదల్లేదు. 10న అయిదు రాష్ట్రాల ఫలితాలొచ్చాయి. 22న 137 రోజుల మౌనవ్రతం వీడి అంకె నోరు తెరిచింది. ధరలు నిర్ణయించేది ప్రభుత్వం కాదు, కంపెనీలేనని మనకు ఎన్నోసార్లు చెప్పారు. కంపెనీలకు ఓట్ల లెక్కింపు మీద అంత శ్రద్ధ ఎందుకో ఎవరూ చెప్పలేదు.

ఢిల్లీలో రోజుకు 80 పైసలు పెరిగితే మన దగ్గర వ్యాట్ కలిసి 90. హైదరాబాదులో లీటరు 108.20 ఉన్నది రెండు వారాల్లో 119.49 అయింది. మేలో కేంద్రం ఎక్సైజు 8 రూపాయలు తగ్గించి, ఇక రాష్ట్రాల వంతు అంది. రాష్ట్రాలు ముందు మీరు పెంచిందంతా తగ్గించండి అన్నాయి. తెలంగాణలో పెట్రోలు మీద వ్యాట్ 35.2 శాతం. ఆంధ్రలో 31 శాతం, దాని మీద లీటరుకు 4 రూపాయలు, ఆ పైన రోడ్డు సెస్సు ఒక రూపాయి. (సెస్సు కట్టి ఆ రోడ్ల మీదే వెళ్లి నడుం పట్టేసినవాళ్లు ఒక చెయ్యి ఎత్తండి. రెండోది నడుం మీదే ఉంచుకోవచ్చు.) 2023 డిసెంబరులో తెలంగాణలో, 2024 జూన్‌లో ఆంధ్రలో ప్రభుత్వాలు మారాయి. పథకాల పేర్లు మారాయి, పాసుపుస్తకాల మీద బొమ్మలు మారాయి. వ్యాట్ ఏ పార్టీకీ చెందదు కాబట్టి దాని జోలికి ఎవరూ పోలేదు.

ఇంతలో రష్యా చమురు వచ్చింది. యూరప్ వద్దనుకున్నదాన్ని మనం చవగ్గా కొన్నాం. ఇందులో నాకు తప్పేమీ కనిపించదు. చవగ్గా దొరికేచోట కొనుక్కోవడం ఇంటికైనా దేశానికైనా మంచిదే. యుద్ధానికి ముందు మన ముడిచమురు దిగుమతుల్లో రెండు శాతం కూడా లేని రష్యా వాటా మూడో వంతు దాటింది. ఇదంతా సామాన్య వినియోగదారుడి కోసమేనని ప్రపంచ వేదికల మీద మనవాళ్లు గట్టిగా వాదించారు. ఆ వినియోగదారుణ్ని ఒకసారి చూడాలని నాకు కోరిక. చమురేమో గుజరాత్ తీరంలో దిగింది, శుద్ధయింది, అందులో కొంత డీజిలై యూరప్‌కే వెళ్లింది. మన పేరు చెప్పి కొన్నది వాళ్ల లారీల్లో తిరిగింది.

ప్రభుత్వరంగ చమురు కంపెనీలు మూడూ 2023-24లో దాదాపు 81 వేల కోట్ల రూపాయల లాభం చూపించాయి. 2022లో నష్టానికి అమ్మాం, ఆ గొయ్యి పూడ్చుకోవాలి అన్నాయి. నిజమే, అప్పట్లో నష్టపోయాయి. గొయ్యి పూడ్చి, దాని మీద మేడ కట్టుకున్నాక మనకు 2024 మార్చి 15న రెండు రూపాయలు తగ్గింది. మర్నాడే లోక్‌సభ ఎన్నికల షెడ్యూలు! 2025 ఏప్రిల్‌లో ముడిచమురు బాగా దిగితే కేంద్రం లీటరుకు 2 రూపాయల ఎక్సైజు పెంచి, బంకు ధర మారదు, కంగారు పడొద్దంది. తగ్గాల్సింది తగ్గకపోతే దాన్ని పెంపు అనకూడదట. అదే రోజు వంటగ్యాస్ సిలిండరు 50 రూపాయలు పెరిగింది. దాని గురించి కంగారు పడొచ్చో లేదో చెప్పలేదు.

ఇక 2025 ఆగస్టు 27. రష్యా చమురు కొంటున్నందుకు జరిమానాగా ట్రంప్ మన సరుకు మీద ఇంకో 25 శాతం వేశాడు. మొత్తం యాభై అయింది. పాత సుంకాలు కూడా కలిస్తే రొయ్య మీద 58 శాతం దాకా తేలింది. పోటీదారు ఈక్వెడార్ మీద ట్రంప్ వేసింది పదిహేనే. అసలు తమాషా ఏమిటంటే పెట్రోలియం ఉత్పత్తులకు ఆ సుంకం నుంచి మినహాయింపు ఇచ్చారు. చమురు కొన్నందుకు వేసిన శిక్ష చమురుకు పడలేదు, రొయ్యకు పడింది! పైగా మన చెరువుల్లో పెరిగే వనామీ రొయ్య పుట్టిల్లు అమెరికా ఖండాల పసిఫిక్ తీరమే. పుట్టింటికి వెళ్లబోతే గుమ్మం దగ్గరే పసుపుకుంకుమలు లాక్కున్నట్టయింది.

2024-25లో దేశం 62 వేల కోట్ల రూపాయల పైచిలుకు సముద్ర ఉత్పత్తులు ఎగుమతి చేసింది. అందులో ముఖ్యమైనది రొయ్య, పెద్ద గిరాకీ అమెరికా, ఎక్కువ సరుకు ఆంధ్ర చెరువులది. సుంకం వార్త వాషింగ్టన్‌లో టైపవుతుండగానే భీమవరంలో రొయ్య ధర దిగిపోతుంది. మేత ధర మాత్రం వార్తలు చదవదు.

ఆకివీడు దగ్గర ఓ చెరువు గట్టు మీద ఎగతాళికి అన్నాను, ‘‘ఏం బాబాయ్, రష్యా చమురు కొన్నావంట?’’

‘‘కొన్నాన్రా. రాత్రి కరెంటు పోతే ఏరేటర్లు ఆగకుండా జనరేటర్లో పోసింది అదేనంటగా. లీటరు తొంభై ఏడు. చవగ్గా కొన్నందుకు జరిమానా అంటే కడతాను. ఆ చవకేదో ముందు చూపించమను.’’

రాష్ట్రం కేంద్రానికి లేఖలు రాసింది. కేంద్రం కొత్త మార్కెట్లు వెతకమంది. ఈలోగా మనమే ఎక్కువ రొయ్యలు తినాలన్న సలహా కూడా వచ్చింది. నాకు చాలా నచ్చిన దేశసేవ ఇదే. కాకపోతే వేపుడుకు నూనె కావాలి. 2024 సెప్టెంబరులో, పండగల ముందు, ముడి వంటనూనెల మీద దిగుమతి సుంకాన్ని 5.5 నుంచి 27.5 శాతానికి పెంచారు. నూనెగింజల రైతు కోసమన్నారు, ఆ మాటలో న్యాయముంది. తర్వాత 16.5కు దించారు. కాబట్టి రొయ్యల రైతును ఆదుకోవాలంటే పులుసు పెట్టుకోండి, నూనె తక్కువ పడుతుంది.

‘‘యుద్ధం ఆగిపోద్దంటున్నారు గదరా?’’ అన్నాడు బాబాయ్.

‘‘ఆగితే రష్యా ఇంత చవగ్గా ఇవ్వదు బాబాయ్.’’

‘‘అయితే మనకెప్పుడూ ఇవ్వని తగ్గింపు పోయిందని డీజిలు పెంచేస్తారేంట్రా?’’

నేను సమాధానం వెతుక్కుంటుంటే ఆయనే మళ్లీ అడిగాడు.

‘‘ఈలోపు ఎన్నికలేమన్నా ఉన్నాయా?’’