భూదానం ఊళ్ళో ఎర్రతోక

1951 ఏప్రిల్ 18న వినోబా భావే మా పోచంపల్లికి వచ్చినప్పుడు దళితవాడ వాళ్ళు 80 ఎకరాలుంటే బతుకుతామన్నారు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. అడిగినదానికన్నా 20 ఎక్కువ! అలాంటి ఊళ్ళో, మా మేనల్లుడి ఇంట్లో, అద్దాల తొట్టిలో కూర్చున్న ఒక జీవి పక్కవాడికి జానెడు చోటు ఇవ్వనంటోంది. ఇవ్వకపోతే పోయె, పక్కవాణ్ణే మింగేస్తోంది.

పేరు రెడ్‌టెయిల్ క్యాట్‌ఫిష్. సొంతూరు అమెజాన్. నల్లటి వీపు, తెల్లటి పొట్ట, ఎర్రటి తోక, మూతికి మూడు జతల మీసాలు. ఇక్కత్ డిజైన్లు గీసే మావాడు ఆ రంగుల పొందిక చూసే పడిపోయాడు. సిటీలో దుకాణంవాడు వేలెడంత పిల్లను చూపించి, "తొట్టి ఎంతుంటే అంతే పెరుగుతది సార్" అన్నాడట. పెరిగే చేపకు తొట్టి కొలతలు ఎవరు చదివి వినిపిస్తారు? ఈ జాతి మీటరు దాటుతుంది. మావాడి తొట్టి 4 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. అంచుదాకా పోస్తే 255 లీటర్లు. మీటరు చేప అందులో వెనక్కి తిరగాలంటే తన తోకను తన నోటి ముందుకు తెచ్చుకోవాలి. దాని ఆకలి చూస్తుంటే, ఆ తోకకైనా భరోసా ఉందని నేను చెప్పలేను.

"ఒక్కతే ఉంటే దానికి మనసున పడ్తలేదు మామా. మంచి దోస్తులను సూడాలె" అని నన్ను పిలిచాడు. మా ఇళ్ళల్లో చేపల పులుసు ఎక్కువ తిన్నవాణ్ణి నేనే కాబట్టి, చేపల మనసు నాకే తెలుస్తుందని వాడి లెక్క.

వేటాడే క్యాట్‌ఫిష్‌కు తోడు చూసేటప్పుడు ముందు అడగాల్సింది గుణగణాలు కాదు, నోరెంత అని. అది కొరకదు, నమలదు. గబుక్కున నోరు తెరిచి నీళ్ళతో సహా లోపలికి గుంజుకుంటుంది. కాబట్టి ఎదుటి చేప పొడుగు చూసి మోసపోకూడదు. సన్నటిది ఎంత పొడుగున్నా సేమ్యాలా జారిపోతుంది. వెడల్పు ఒళ్ళున్నది మాత్రం అడ్డంపడి బతుకుతుంది. పెద్ద తొట్లున్నవాళ్ళు ఆస్కార్, జెయింట్ గౌరామి, సిల్వర్ డాలర్, పాకు అని చెప్పేది అందుకే. ఆ స్నేహమైనా సైజులు సరిసమానంగా ఉన్నన్నాళ్ళే. పైగా ఎర్రతోక రాత్రిళ్ళు మేలుకునే రకం, తక్కినవి ఆ వేళకు కునుకు తీస్తుంటాయి. పగలు పరిచయం, రాత్రి భోజనం.

మావాడు ముందు గోల్డ్‌ఫిష్ తెచ్చాడు. తెల్లారేసరికి తొట్టిలో ఎర్రతోక ఒక్కతే, పొట్ట మాత్రం ఇద్దరిది. గోల్డ్‌ఫిష్ ఒంట్లో బీ1 విటమిన్‌ను చెడగొట్టే ఎంజైమ్ ఉంటుంది, అదే పనిగా మేపితే తిన్నదానికే రోగం. అంటే దోస్తుగా పనికిరాదు, టిఫిన్‌గానూ పనికిరాదు.

తరవాత "షార్క్" వచ్చింది. పేరుకే షార్క్, మన చేపల మార్కెట్లో కిలోల లెక్కన తూచే పంగస్ పిల్ల అది. అదీ క్యాట్‌ఫిషే, కానీ వట్టి పిరికిది. తొట్టేమో మగ్గం గుంత పక్కనే ఉంది. గాలితిత్తికీ లోపలి చెవికీ మధ్య చిన్న ఎముకలుండటం వల్ల క్యాట్‌ఫిష్‌లకు వినికిడి మహా చురుకు. మా అక్క పన్నె కొట్టినప్పుడల్లా షార్కుగారు ఉలిక్కిపడి అద్దానికి మూతి గుద్దుకునేవారు. చీర సగం దిగేసరికి మూతి బూరెలా వాచింది.

"గా షార్కులు గీర్కులు ఎందుకురా, మన చెరువుల జెల్లను ఎయ్యి, ఊరిపిల్ల" అంది అక్క. ఊరి అభిమానం మంచిదే కానీ, జెల్ల వీపు మీద, రెండు పక్కలా ముళ్ళున్నాయి. భయపడితే అవి నిక్కబొడుచుకుని బిగుసుకుపోతాయి. మింగబోయిన పెద్దచేప గొంతులో అడ్డంపడి రెండూ చచ్చే ప్రమాదం ఉంది. వల దులిపేటప్పుడు జెల్ల ముల్లు గుచ్చుకున్నవాళ్ళకు ఈ మాట మళ్ళీ చెప్పక్కర్లేదు. కొరమీను మన రాష్ట్ర చేపే అయినా, తనే వేటగాడు. దాన్ని ఎర్రతోకతో కలిపితే ఎవరికి ఎవరు కూరో చెప్పలేం.

ఒకరోజు నేను చూస్తుండగానే, నూలుకు చిటికి కట్టే నల్లరబ్బరు ముక్క పైనుంచి తొట్టిలో పడింది. అడుక్కి చేరకముందే మాయం. మీసాలు ఒకసారి కదిలించి, తాంబూలం బిగించిన కరణంగారిలా అలాగే కూర్చుంది. మర్నాడు పొద్దున అది రబ్బరును కక్కింది. ఈ జాతికి గులకరాళ్ళు మింగే అలవాటు కూడా ఉంది. రాయినే వదలనిది రాయితీ ఇస్తుందా?

మావాడికి నేను ఖరాఖండిగా చెప్పాను: "అల్లుడా, దీనికి దోస్తు లేడు. రొయ్య ముక్కలు, చేప ముక్కలు, ఎర్రలు వెయ్యి. పెద్దదైనంక వారానికి రెండు మూడుసార్లు చాలు. ఒంటరితనం దానిది కాదు, నీది."

"మరీ పెద్దగైతే చెరువుల ఇడుస్త మామా" అన్నాడు వాడు. అసలు భయం అదే. చెరువు అలుగు పారితే వాగు, వాగు దాటితే మూసీ, మూసీ పోయి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. తొట్టి శుభ్రం చేస్తుందని కొన్న సక్కర్‌ఫిష్‌ను జనం ఇలాగే వదిలితే, అది మన నీళ్ళల్లో పెరిగి జాలర్ల వలలు చింపుతోంది. భూదానం చేసిన ఊరే అయినా చేపదానం మాత్రం వద్దు. మీ ఇంట్లోనూ ఇలాంటిది పెరుగుతుంటే కొన్న దుకాణానికే తిరిగి ఇచ్చెయ్యండి. దుకాణంవాడు చోటు లేదంటే, తొట్టి కూడా మీదే ఇవ్వండి.