దుర్గాపూర్ దారిలో సర్కారు తుమ్మ

ఈ దేశంలో మా పూర్వీకుల ఊరు కడప జిల్లా కమలాపురం. మద్రాసు అటవీ అధికారి బెడ్డోం కోరి తెప్పించిన గింజలను 1877లో అక్కడ నాటారు. చవుడు నేలలో, నీటి ఎద్దడిలో బతికి పొయ్యిలోకి కట్టెలిచ్చే చెట్టు కావాలనుకున్నారు. సముద్రం దాటి వచ్చిన మాకు అలాంటి నేల కొత్త కాదు. ఆ తర్వాత నన్ను ఎవరూ నాటనక్కర్లేకపోయింది. నా కాయ తియ్యన, ఆకు మాత్రం పశువుకు సహించదు. కాయ తిన్న మేక కడుపులో నా గింజ అరగదు, అది ఎక్కడ పెంటిక వేస్తే అక్కడ మొలుస్తాను. మందల వెంట, అడవిపందుల వెంట నడిచి మహారాష్ట్రలోని చంద్రపూర్ చేరాను.

ఇప్పుడు నేనుండేది ఇక్కడి థర్మల్ విద్యుత్ కేంద్రం ఆవరణలో. ఇది 2,920 మెగావాట్ల కేంద్రం. పక్కనే దుర్గాపూర్ బొగ్గు గని, దాని మట్టిదిబ్బలు. యంత్రాలకు, క్వార్టర్లకు పోగా ఇక్కడ బోలెడు నేల ఖాళీగా మిగిలింది. మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది, ఆకుల మీద బొగ్గుపొడి పేరుకుంటుంది. అయినా నా వేరు లోతుకు దిగి తడిని వెతుక్కుంటుంది. కొమ్మలు నేలదాకా వాలి, ముళ్లతో పెనవేసుకుని, మనిషి దూరలేని గుబురుగా మారాను.

మొదట పందులు వచ్చాయి. వాటికి పగలు నా నీడ, రాత్రి నా కాయలు, కాలనీ చెత్తకుప్ప. కుప్ప దగ్గరికి కుక్కలు చేరాయి. కుక్కల కోసం చిరుతపులి వచ్చింది. దానికి పెద్ద అడవి అక్కర్లేదు. కుక్క, కోడి, పందిపిల్ల ఏది దొరికినా కడుపు నింపుకుంటుంది, పగలంతా కదలకుండా పడుకోగలదు. ముంబయి మహానగరంలో సంజయ్ గాంధీ జాతీయ పార్కు చుట్టూ చిరుతలు బతుకుతున్నదీ ఈ నేర్పుతోనే.

పెద్దపులి కథ వేరు. ఉత్తరాన తాడోబా ఉంది. బఫర్‌తో కలిపి దాదాపు 1,727 చదరపు కిలోమీటర్ల పులుల అభయారణ్యం. అక్కడ పులులు పెరిగాయి, అది మంచి వార్తే. కానీ తల్లిని విడిచిన రెండేళ్ల కుర్రపులికి సొంత నేల కావాలి. బలమైన మగపులులు దాన్ని ఉండనివ్వవు. అది ఇరై జలాశయం ఒడ్డునే దిగువకు వస్తుంది. ఇక్కడ నీళ్లున్నాయి, పందులున్నాయి, నేనున్నాను. ఆడపులులు ఈ ఆవరణలోనే పిల్లల్ని సాకాయి. కన్వేయర్ బెల్టు రొద, సైరను కూత, బొగ్గు వ్యాగన్ల చప్పుడు, అన్నిటికీ ఆ పిల్లలు పుట్టుకతోనే అలవాటుపడ్డాయి. వాటికి ఇదే అడవి.

నా పక్క దారిలోనే మనుషులు డ్యూటీకి పోతారు. వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. ఈ బొగ్గు పట్టణాల్లో వాళ్ల కుటుంబాలు ఎప్పటినుంచో ఉన్నాయి. "అన్నా, ఆ తుమ్మలకాడ బండి ఆపకు, జర జల్ది పోనీ" అని వెనక కూర్చున్నవాడు అంటుంటే వింటాను. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. 2022 ఫిబ్రవరిలో పనినుంచి ఇంటికి పోతున్న ఒక కార్మికుణ్ణి పులి చంపింది. ఆ వెంటనే దుర్గాపూర్‌లో ఒక కుర్రవాణ్ణి చిరుత ఎత్తుకుపోయింది. ఆ ఇళ్లలో ఏడుపు ఇంకా ఆగి ఉండదు. పులికి దాపు ఇచ్చింది నాలాంటి పొదలే. పులి నేరం చేసిందని నేననలేను, చనిపోయినవాళ్లను మరిచిపోనూలేను.

పొదలు తీసేయాలని అందరూ అన్నారు. నిజమే, తీసేయాలి. అయితే గొడ్డలితో పైపైన నరికితే ఒక మొదలు నుంచి నాలుగు కొమ్మలు లేస్తాయి, గుబురు మునుపటికంటే చిక్కబడుతుంది. నా చిగుళ్లు పుట్టే ముడి నేలలో జానెడు లోతున ఉంటుంది. అక్కడిదాకా తవ్వి పెకలించాలి. కాయ పండి రాలకముందే ఆ పని చేయాలి, లేదంటే మట్టిలో దాగిన గింజలు ఏళ్ల తర్వాతైనా లేస్తాయి. ఖాళీ అయిన చోట వేపో కానుగో నాటి దారి పక్క వెలుతురు ఉంచాలి. వీటన్నిటికంటే ముందు కాలనీ చెత్తను ఏ రోజుకారోజు ఎత్తేయాలి. కుప్ప ఉన్నంతకాలం నేను లేకపోయినా పంది వస్తుంది, దాని వెనక చిరుతా వస్తుంది.