గుట్టమీది పోర్కుపై: టీకా తాత్పర్య సహితము

తే.గీ.
బురద బూట్లతో మెల్లగాఁ బొలము దాటి
గొర్రె మందకు దారిచ్చి గుట్ట నెక్కి
చల్లనైనట్టి పోర్కుపై చాకు దించి
జెల్లి చూచిన పిమ్మటఁ జెప్పు రుచిని

టీక: పొలము దాటి యనగా పరుల పొలమును దాటి యని గ్రహింపవలెను. ఇంగ్లండులోని లీస్టర్‌షైర్ సీమలో పొలము ఆసామిదే యైనను, దానిగుండా పోవు ఫుట్‌పాత్, అనగా నడచుటకు జనులందరికిని హక్కు గల కాలిబాట, ఊరందరిదీ గనుక, 1:25,000 కొలత గల ఆర్డినెన్స్ సర్వే పటములో ఆకుపచ్చ గీతల తునకలుగా కనబడు ఆ బాటను పట్టి, పసుపు తల గల గుంజలను ఆనవాలుగా చూచుకొనుచు, గోధుమచేను నడుమనైనను నిస్సంకోచముగా పోవచ్చును. మెల్లగా అనుటకు బురదయే హేతువు. వార్ధక్యము హేతువని చెప్పువారు ఆ నేల తొక్కి యెరుగరు. గుట్ట యనగా బరో హిల్. మెల్టన్ మౌబ్రే పట్టణమునకు దక్షిణమున, ఇనుపయుగపు కోట కట్టలు నేటికిని నిలిచియున్న తావు.

చల్లనైనట్టి యను విశేషణము పద్యమునకు ప్రాణము. పందికొవ్వును నీటితో మరిగించి పిండిలో పోసి కలిపిన ముద్దను చెక్క అచ్చు చుట్టు చేతితో పైకి లాగి గిన్నెగా నిలిపి, తరిగిన పచ్చి పందిమాంసమును ఉప్పు మిరియములతో అందులో కూరి, మూత వేసి కాల్చిన భక్ష్యము పోర్కుపై. మెల్టన్ పద్ధతిలో కాల్చునపుడు చుట్టు పట్టీ ఉంచరు గనుక పక్కలు బొజ్జవలె ఉబ్బును. ఉప్పులో ఊరవేయని మాంసము గనుక కోసినచోట గులాబిరంగు గాక బూడిదరంగు కనబడును. ఆ రంగు చూచి పాచిదని శంకించువాడు ఈ శాస్త్రమున అనధికారి.

జెల్లి: మాంసము కాలి ముడుచుకొనగా పెంకునకును దానికిని నడుమ ఏర్పడిన ఖాళీలో, మూత రంధ్రము గుండా ఎముకల రసమును పోసి చల్లార్చగా గడ్డకట్టినది. లోనికి గాలి చొరదు, సంచిలో ఎంత కుదిపినను మాంసము కదలదు. నక్కల వేటగాండ్ర జేబులలోను, 1831లో మెల్టన్ రొట్టెల వర్తకుడు ఎడ్వర్డ్ అడ్కాక్ పైలను లండనుకు పంపనారంభించిన గుర్రపు కోచిబండ్లలోను ఇది చెడక నిలిచినది ఇందువలననే.

అన్వయము: దాటి, ఇచ్చి, ఎక్కి, దించి యను నాలుగు క్త్వార్థకములును చెప్పు అను ఒక్క సమాపక క్రియకు లోబడినవి గనుక నడక అంగము, రుచి అంగి యని వైయాకరణుల మతము. నడచువారు దీనిని ఒప్పరు. జేబున మోయుటకు తగిన భక్ష్యమును ఇంట బల్లముందు కూర్చుండి తినుటయే అపప్రయోగమని వారి వాదము. ఇదియే సమంజసముగా తోచును. కర్తృపదము లేదు గనుక జట్టు అని అధ్యాహారము చేసికొనవలెను. ఏకవచనము చూచి జట్టంతయు ఒకే రుచి చెప్పునని భ్రమ పడరాదు: రెండు అంగళ్ల పైలను పక్కపక్కన కోసినచోట మిరియము చాలదని ఒకరు, పెంకు మెత్తబడినదని వేరొకరు తగవులాడుచుండగా, జెల్లిని చాకుమొనతో పక్కకు నెట్టువారు మౌనముగా నుందురు.

తాత్పర్యము: జట్టుగా నడిచి గుట్టపై చల్లని పోర్కుపై తిని వాదులాడుకొందురని భావము.

విశేషము: పద్యమున ఆవముద్ద ప్రస్తావన లేకుండుట గణముల ఇరుకువలననే గాని నిషేధమువలన గాదు.