కలలో కలెక్టరు

పాత్రలు నలుగురు. నెల తిరగని ఉత్సాహంతో ఊగిపోతున్న కొత్తరావు, ఆ ఉత్సాహం ఆరిపోయి రెండేళ్లయిన విరక్తిరావు, ఎవరేది కనిపెట్టినా మన తాతలు ముందే కనిపెట్టారనే పురాణం శర్మ, ముగ్గురితోనూ వాదన పెట్టుకోక తప్పని వ్యాసకర్త. విషయం లూసిడ్ డ్రీమింగ్. అంటే కల కంటూనే, ఇది కలేనని ఎరుకలో ఉండటం.

కొత్తరావు: కలలో ఉన్నామని కలలోనే తెలిసిందా, ఇక ఆ జిల్లాకు మనమే కలెక్టరు సార్! ఎగరాలంటే ఎగురుతాం, సముద్రాన్ని రమ్మంటే వాకిట్లోకి వస్తుంది. పగలంతా గంటకోసారి చేతివేళ్లు లెక్కపెట్టుకుంటున్నాను. ఆ అలవాటు కలలోకీ పాకుతుందట. అక్కడ ఆరో వేలు కనబడితే కల దొరికిపోయినట్టే. మీటింగులో లెక్కపెడుతుంటే మా మేనేజరు తన మీద చేతబడి అనుకున్నాడు గానీ, సాధన సాధనే కదండీ.

విరక్తిరావు: కొత్త బిచ్చగాడు పొద్దెరగడని ఊరికే అన్నారా! నేనూ ఎగిరాను నాయనా. మొదటిసారి లేచి కూర్చుని ఆనందంతో ఏడ్చాను. ఆర్నెల్లు తిరిగేసరికి అదే ఎగరడం సిటీ బస్సులో నిలబడి వెళ్లినట్టయింది. ఇప్పుడు హాయిగా మామూలు కలలే కంటున్నాను, అవీ గుర్తుండవు.

పురాణం శర్మ: ఇందులో కొత్తేముందండీ? జాగ్రత్, స్వప్న, సుషుప్తి, తురీయమని మాండూక్యోపనిషత్తు ఎప్పుడో తేల్చేసింది. మన సరుకే పట్టుకెళ్లి, ఇంగ్లీషు లేబులంటించి మనకే అమ్ముతున్నారు.

వ్యాసకర్త: శర్మగారి వాటా తర్వాత తేలుద్దాం, ముందు ఈ ఇద్దరు రావుల తగాదా. నా లెక్కలో ఇద్దరిదీ ఒకటే జబ్బు. ఒకరికి ఇప్పుడే అంటుకుంది, ఒకరికి ముదిరింది. పాతబడింది కల కాదు, మీరు వేసే ఆర్డర్లు. మనిషి కోరికల చిట్టా తీస్తే మహా అయితే ఓ పేజీ: ఎగరడం, తినడం, సినిమా తారను కలవడం, బాసును నాలుగు దులపడం. అది కాస్తా అయిపోయాక కలెక్టరుగారికి సంతకం పెట్టడానికి ఫైలుండదు. ఏళ్ల తరబడి ఆసక్తి చావనివాళ్ల రాతలు తిరగేయండి. వాళ్ల రాతల్లో ఈనాటికీ చదివించేవి కల తమ మాట విన్న ఘట్టాలు కావు, విననివి. ఫ్రాన్సులో ఎర్వే ద సాన్ దెనీ అనే చైనా భాషా పండితుడు పదమూడో ఏట కలల డైరీ మొదలుపెట్టి, 1867లో కలలను నడిపించే ఉపాయాల మీద పేరు వేసుకోకుండా పుస్తకం అచ్చేశాడు. ఆయనా మొదట కలెక్టరే. ఇద్దరు వనితలతో నాట్యమాడేటప్పుడు ఒక్కొక్కరికి ఒక్కో వాల్ట్‌జ్ బాణీ వాయించమని వాద్యబృందానికి పురమాయించాడు. తర్వాత తను నిద్రపోతుండగా ఆ బాణీలు మోగేలా మ్యూజిక్ బాక్సు ఏర్పాటు చేసుకున్నాడు. ఏ బాణీ మోగితే ఆ వనిత కలలోకి వచ్చిందట. ముచ్చటే, కానీ ఒకసారి చదివితే చాలు. అదే మనిషి, కలలో తన చావు ఎలా ఉంటుందో చూద్దామని ఎత్తయిన చోటు నుంచి దూకాడు. తీరా చూస్తే ఆయన కింద గుంపులో నిలబడి, ఎవరో పడి చచ్చిపోయాడని జనం చెప్పుకుంటుంటే వింటున్నాడు. చావు చూపించమంటే కల ఆయన్ని ప్రేక్షకుల్లోకి బదిలీ చేసింది! ఏ కలెక్టరూ రాయించలేని ఉత్తర్వు అది.

కొత్తరావు: అది ఆయనకు పట్టు చాలక సార్. టెక్నిక్ కుదిరితే నూటికి నూరు పాళ్లూ కంట్రోలే.

వ్యాసకర్త: పట్టు ఎంతుంటే చాలంటారు? డచ్ రచయిత, మానసిక వైద్యుడు ఫ్రెడెరిక్ వాన్ ఏడెన్ 1898 నుంచి 1912 దాకా ఇలాంటి కలలు 352 నమోదు చేశాడు. ముందు 1909లో నవలలో దాచి చెప్పి, 1913లో గానీ ధైర్యంగా వ్యాసం రాయలేదు. 1904 నాటి ఒక కలలో ఆయన బల్ల మీది వైన్ గ్లాసు తీసి, బలమంతా పెట్టి పిడికిలితో గుద్దాడు. మెలకువలో అయితే చెయ్యి తెగుతుంది సుమా అనుకుంటూనే గుద్దాడు. గ్లాసు పగల్లేదు. కాసేపాగి మళ్లీ చూస్తే పగిలి ఉంది! ఈ ఆలస్యం దగ్గరే ఆయనకు ఆసక్తి పెరిగింది, విసుగు కాదు. అలాగని అంతా ఆనందమే అని నమ్మబలకలేదు. ఇలాంటి కలల వెంటే దయ్యాలు వెక్కిరించే కలలు వస్తుంటాయనీ రాసిపెట్టాడు. ఇక టెక్నిక్ మాట. కలలో ఎరుక అసంభవమని 1959లో నార్మన్ మాల్కమ్ అనే తత్త్వవేత్త వాదించాడు. నిద్రపోతున్నవాడు 'నేను నిద్రపోతున్నాను' అని తీర్మానించుకోవడం ఆయన దృష్టిలో అర్థం లేని మాట. అయితే 1975లో ఇంగ్లండులోని హల్ యూనివర్సిటీలో కీత్ హర్న్ అనే పరిశోధకుడి ఎదుట అలన్ వర్స్‌లీ నిద్రలోంచే, ముందు అనుకున్న ప్రకారం కళ్లు కుడిఎడమలకు తిప్పి సైగ చేశాడు. కలలు దట్టంగా వచ్చే నిద్రలో ఒళ్లంతా కదలిక లేకుండా సడలిపోయినా కళ్ల కండరాలు బతికే ఉంటాయి, అదీ కిటుకు. స్టాన్‌ఫర్డులో స్టీఫెన్ లాబర్జ్ విడిగా ఇదే నిరూపించి 1981లో ప్రచురించాడు. 2021లో అమెరికా, ఫ్రాన్సు, జర్మనీ, నెదర్లాండ్స్ పరిశోధకులు నిద్రలో ఉన్నవాళ్లను లెక్కలే అడిగారు. ఎనిమిదిలోంచి ఆరు పోతే ఎంత అంటే, ఒక కుర్రాడు కళ్లు రెండుసార్లు తిప్పి చూపించాడు. అడిగిన వాటిల్లో సగానికి పైగా జవాబే రాలేదన్నది కూడా అదే అధ్యయనంలో ఉంది. ప్రయోగశాలలో, శిక్షణ ఉన్నవాళ్ల సంగతే ఇది. కంట్రోలు మాట తర్వాత చూద్దాం.

విరక్తిరావు: మీ సాక్షులిద్దరూ డబ్బూ తీరికా ఉన్న దొరలు. పైగా విసుగొచ్చినవాడు పుస్తకం రాయడు, ఊరుకుంటాడు. రాసినవాళ్లనే లెక్కేసి తీర్పు చెబితే ఎలా?

వ్యాసకర్త: గట్టి మాట. ఈ దొరల్ని చూపించి, సాధన చేసేవాళ్లలో ఎందరు మిగులుతారో చెప్పలేం. పాత అధ్యయనాలన్నీ కలిపి 2016లో వేసిన లెక్క ప్రకారం, జీవితంలో ఒక్కసారైనా ఇలాంటి కల వచ్చినవాళ్లు సుమారు 55 శాతం, నెలకోసారైనా వచ్చేవాళ్లు 23 శాతం. మధ్యలో రాలిపోయినవాళ్లు విసుగొచ్చి రాలారా, చేతకాక రాలారా అన్నది ఆ అంకెలు చెప్పవు. నేనంటున్నది అంతకంటే చిన్న మాట: మిగిలినవాళ్లు ఎందుకు మిగిలారని. దానికి వాళ్ల రాతలే సాక్ష్యం. మీకు నిద్ర పాడైందంటే మాత్రం ఒప్పుకుంటాను. ఐదు గంటలు పడుకుని, అలారం పెట్టుకుని లేచి, మళ్లీ పడుకునే పద్ధతిలో ముక్కలయ్యేది నిద్రే. దీన్నే ఎత్తిచూపుతూ నిరిత్ సోఫర్ దూడెక్ అనే పరిశోధకురాలు 2020లో ఒక వ్యాసం రాసింది. కలకూ నిజానికీ మధ్య గోడ ముందే పలచగా ఉన్నవాళ్లకు ఇది ఎంత మంచిదో ఆలోచించమని కూడా అడిగింది. కొత్తరావుగారి అలారం విని ఆయన ఇల్లాలు అడిగే ప్రశ్నా దాదాపు అదే అయి ఉండాలి.

కొత్తరావు: మరి పీడకలలతో నలిగేవాళ్లో? వాళ్లకు కంట్రోలే కదా మందు?

వ్యాసకర్త: అక్కడ నేను తగ్గుతాను. భయంతో వణికేవాడికి కుతూహలం పెంచుకోమని చెప్పడం దుర్మార్గం. వాడు కల మార్చుకోవాల్సిందే. అయినా ఒక తమాషా. 2006లో నెదర్లాండ్స్‌లో లూసిడ్ డ్రీమింగ్ నేర్పిన ఒక చిన్న ప్రయోగంలో పీడకలలు తగ్గాయి. కానీ తగ్గడానికి కలలో ఎరుక రావడం తప్పనిసరి కాలేదు. మార్చవచ్చన్న ధైర్యమే పని చేసి ఉండవచ్చు. అధికారం వాడకుండానే పని జరిగిందన్నమాట.

పురాణం శర్మ: నా వాటా మర్చిపోయారు.

వ్యాసకర్త: లేదండీ. పతంజలి స్వప్నంలో కలిగే జ్ఞానాన్ని చిత్తం నిలవడానికి ఒక ఆలంబనగా చెప్పాడు. టిబెట్ బౌద్ధుల స్వప్నయోగంలో ఎగరడాలూ రూపాలు మార్చడాలూ ఉన్నాయి, కానీ ఏ రూపమూ గట్టిది కాదని తేల్చుకోవడానికి. కాబట్టి మీరు తెచ్చిన సాక్ష్యం కొత్తరావుగారి పక్షం కాదు, నా పక్షం. కళ్ల సైగలతో రుజువు చేసిన కీర్తి మాత్రం హల్, స్టాన్‌ఫర్డుల వాళ్లకు వదిలేయండి.

పురాణం శర్మ: వదిలేశాను. ఇంతకీ రాత్రి పదకొండుకు పడుకుంటే ఐదు గంటల తర్వాత అలారం అన్నారు, అంటే నాలుగింటికి కదూ?

కొత్తరావు: అవును సార్, సరిగ్గా నాలుగు.

పురాణం శర్మ: చూశారా! బ్రాహ్మీ ముహూర్తం. అదీ మనదే.