సిద్ధపాటు మామ

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల, ఏ ఊళ్లో గుడికి వెళ్లినా ముందు వరస కుర్చీలో ఒక సిద్ధపాటు మామ ఉంటాడు. ప్రభువు రాకడ ఈ రాత్రే అయినా ఆయనకు కంగారు లేదు, బీరువాలో అన్నీ సర్ది ఉన్నాయి. ‘వందనాలు మామా, బాగున్నరా?’ అంటే ఆ ముచ్చటే ఎత్తడు. ‘నేను సిద్ధం. మరి నువ్వు?’ అంటాడు. ఆ ప్రశ్నకు జడిసి గల్లీ మారేవాళ్లున్నారు.

నాకు బాగా తెలిసిన మామది జగిత్యాల. ఆయన బీరువాలో ఒక కవరుంది. తన భూస్థాపనకు పాడాల్సిన కీర్తనల నంబర్లు, వాక్యం చెప్పాల్సిన అయ్యగారి పేరు, ఎట్టి పరిస్థితుల్లోనూ మైకు ఇవ్వకూడనివాళ్ల పేర్లు అందులో ఉన్నాయి. 2016 అక్టోబరు 11న జగిత్యాల జిల్లా అయింది కదా, ఆ వారమే కవరు మీద ‘కరీంనగర్ జిల్లా’ కొట్టేసి దిద్దాడు. కవరు కింద తెల్ల పంచె, లాల్చీ. తొడుక్కునే గడియ రావడం లేదు, ఒళ్లు మాత్రం వస్తోంది. అందుకని ఈస్టరు ఈస్టరుకూ దర్జీతో కుట్లు విప్పిస్తాడు. ఫ్లెక్సీకి ఫోటో కూడా తీయించి పెట్టాడు. ‘పరలోకం పోయేటోని లెక్క నవ్వు రావాలె’ అని ఫోటోగ్రాఫర్‌ని పొద్దంతా సతాయించాడట.

వంశం మీద గురి ఎక్కువ. మెదక్ గుడిని 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠించారు. కరువు రోజుల్లో దానికి రాళ్లు మోసినవాళ్లలో తన తాతా ఉన్నాడంటాడు. పరలోక ద్వారం దగ్గర ఈ సంగతి ఎవరికి చెప్పాలో కూడా ఆలోచించుకున్నట్టే మాట్లాడతాడు.

భక్తి బూటకమని మాత్రం అనను. తెల్లవారుజామున నాలుగింటికే లేచి గల్లీలో అందరి కోసం పేరుపేరునా ప్రార్థిస్తాడు. తనకు బాకీ ఉన్నవాళ్ల పేర్లు కాస్త గట్టిగా వినిపిస్తాయి, అంతే.

తన శవపెట్టె లోపల పరిచే గుడ్డ కోసం సిరిసిల్లలో మేనల్లుడి దగ్గరికి పోయాడు. సాంచాల చప్పుడులో మామ నిత్యత్వం గురించి అరుస్తున్నాడు, వాడు మీటర్ల లెక్క అరుస్తున్నాడు.

‘పాలిస్టరే తీస్కపో మామా. మట్టిల గూడ చివకదు. నిత్యత్వానికి ఇదే కరెక్టు!’

‘వద్దుర, కాటనే కావాలె. పునరుత్థానం ఎండకాలంల వస్తే?’

పైసల సంగతి వచ్చేసరికి మామ పైకి చూశాడు. ‘పైన చూస్కుందామంటే నడువదు మామా, నూలు సేటు ఈడనే ఉన్నడు’ అన్నాడు మేనల్లుడు.

కోరుట్లలో మామకో చెల్లెలుంది. బీడీలు చుడుతుంది. ఎసట్లో పోసేముందు ఓ పిడికెడు బియ్యం గుడి కోసం తీసిపెట్టడం తప్ప ఆమె సిద్ధపాటు ఎవరి కంటా పడలేదు. మామ ఆమెనూ అడిగాడు. ఆమె ఒళ్లోని చాట మీంచి తలెత్తకుండానే, ‘శనివారం బీడీలు అప్పజెప్పాలె అన్నా. అటెన్క ఎప్పుడైనా సరే’ అంది.

ఇక వేపచెట్టు తగాదా. బొందలగడ్డలో గోడ వార ఒకే ఒక చెట్టు. దాని నీడలో జాగా మామ అడుగులతో కొలిచిపెట్టుకున్నాడు. ఇంకో సంఘపెద్దా కొలిచాడు. ‘ఎత్తుబడే మనిషికి నీడెందుకు మామా?’ అంటే, ‘ఎత్తుబడితే మంచిదే. ఒకవేళ ఆలస్యమైతే?’ అంటాడు. ఏళ్లుగా ఆ ఇద్దరూ ప్రభురాత్రి భోజనానికి చెరో వైపు నుంచి వస్తారు.

మొన్న వానాకాలంలో మామకు జ్వరం ముదిరి ఆసుపత్రిలో చేర్చారు. ఆ రెండో పెద్ద బత్తాయిలు పట్టుకొని పరామర్శకు వచ్చాడు. ప్రార్థన చేశాడు. ఆమెన్ అన్నాక మెల్లగా, ‘చెట్టు కింద ఎటు దిక్కు అనుకున్నరు?’ అని అడిగాడు. మామ సెలైను సూదితో సహా లేచి కూర్చున్నాడు. పక్కనే ఉన్న అయ్యగారి చెయ్యి పట్టుకుని, ‘హిజ్కియా రాజుకు దేవుడు పదిహేనేండ్లు పెంచిండు గదా. నా కోసం గూడ అడుగుండ్రి’ అన్నాడు.

‘మీరు సిద్ధమేనంటిరి గదా!’

‘సిద్ధమే అయ్యగారూ. కని ఈయన పోయినంక పోత.’

బత్తాయి వలుస్తున్న చెల్లెలు అంది: ‘ముందుగాల పోయినోళ్లకేనాయె అన్నా, ఆ నీడ.’

మామ ఒకసారి ఆ రెండో పెద్ద వంక, ఒకసారి సెలైను సీసా వంక చూశాడు. ఎటు ప్రార్థించాలో అయ్యగారికీ పాలుపోలేదు.