‘వినిపిస్తోందా?’ – సటీకాతాత్పర్యము

మూలము: “అందఱికీ నమస్కారం. నా మాట వినిపిస్తోందా? సరే, మొదలుపెడదాం.”

అవతారిక: 2020 ఆగస్టున, కరోనా మూలమున కళాశాలలు మూతపడియుండగా, పడకగదికి గడియ వేసి, చప్పుడు చేయునని పంకా నాపి, చెమటకు తడిసిన చొక్కాతో పవర్‌పాయింటు స్లయిడులకు తన గొంతును ముఖమును జతపఱచుచున్న యొక భౌతికశాస్త్రాధ్యాపకుని ప్రథమవాక్యములివి. ఆ యధ్యాపకుడను నేనే యగుటచే కవిహృదయము నాకు కొంత తెలియును. మూలమున లేనిది వ్రాయనని ప్రతిన పట్టిన కొలచల మల్లినాథసూరి జాడనే నడువ నెంచితిని గాని, ఈ మూలమున ఉన్నదానికంటె లేనిదే అధికము.

టీక: అందఱికీ = గదిలోనున్న వారికెల్లను, అనగా గోడమీది బల్లికి; నమస్కారం = వందనము. ఇది శ్రోతలకు గాక, తెఱ కుడివైపు క్రిందిమూలను తపాలాబిళ్లంత కనబడు స్వకీయ ప్రతిబింబమునకు చేసినది. ఏలయన వెబ్‌క్యామ్ కన్ను తెఱ నెత్తిన నుండగా వక్త చూపు జాఱిజాఱి ఆ మూలనే నిలుచును, చూచువారికి మాత్రము అయ్యవారు తమ చొక్కాగుండీలు లెక్కించుచున్నట్లు తోచును. మొదలుపెడదాం = ఉపక్రమింతము. మొదటి స్లయిడునకే ఇది పదునొకండవ ఉపక్రమము.

ఇక ‘వినిపిస్తోందా’ యనుచోట చిక్కున్నది. వినువాడు లేడు, అడుగువాడున్నాడు, బదులు రాకమునుపే ‘సరే’ యని ఒప్పుకొనువాడును వాడే. ప్రత్యక్షముగా చెప్పిన ఆన్‌లైను తరగతుల నుండి అంటిన అలవాటని కొందఱందురు. నా మతమున నిది ప్రశ్నయే కాదు, చీకటిదారిని ఒంటిగా పోవువాడు తీయు కూనిరాగము.

పాఠభేదములు: స్లయిడునకు స్లయిడు గొంతు వేఱుగా భద్రమగుటచే, తాటాకు పుస్తకమున పురుగుతిన్న యాకునొక్కదానినే మార్చినట్లు, చెడినదానినే మఱల చదివి చేర్చవచ్చును. మేలే. కాని ఒక స్లయిడు పోయి వేఱొకటి వచ్చు నడిమివేళ పలికినది రికార్డు కాదు, అచట గ్రంథపాతము. ఆడంబరమునకై మూడు సెకండ్ల నిదానపు మార్పిడి నమర్చుకొన్న నేను, మీట నొక్కుచునే “రెండూ ఒకే వస్తువు మీదనుకోవడం పొరపాటు” అంటిని. తీరా వినిచూడగా, ‘న్యూటన్ మూడవ గమనసూత్రము’ అను శీర్షిక తెఱనిండ నిలిచెను, నా గొంతు గంభీరముగా “పొరపాటు” అనెను.

తాత్పర్యము: దానిని దిద్దితిని. ఏడవ స్లయిడున చర్యాప్రతిచర్యలు వివరించుచుండగా వీథిలో పాతసామాన్లవాని ఆటో వచ్చెను. “పాత ఇనుము కొంటాం, పాత ప్లాస్టిక్ కొంటాం” అను ఆ గొంతును రికార్డుదే. తడబాటు లేదు, తన మాట వినిపించుచున్నదా యని ఎవ్వరినీ అడుగదు. మఱల చదువు నోపిక లేక ఎంపీ4గా మార్చి పంపివేసితిని. మఱునాడొక విద్యార్థి ఫోను చేసి, మిక్కిలి వినయముతో, “సార్, ఏడో స్లయిడులో ఇనుము కిలో ఎంతన్నారు?” అని యడిగెను.