మేనేజరును టైటిళ్లతో తూచే విధానం: వాదనలో ఓడకూడదనుకునే అభిమానికి మార్గదర్శిక

ఫుట్‌బాల్ మేనేజరు అంటే తుది జట్టును ఎంపిక చేయడం, శిక్షణ ఇవ్వడం, వ్యూహం రచించడం వంటి బాధ్యతలన్నీ మోసి, జట్టు వరుసగా ఓడినప్పుడు అందరికంటే ముందు ఉద్యోగం పోగొట్టుకునే వ్యక్తి. లీగ్ టైటిల్ అంటే ఏడాది పొడవునా సాగే పోటీలో, ఉదాహరణకు ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో అయితే 20 క్లబ్బులు తలా 38 మ్యాచ్‌లు ఆడి, గెలుపుకు 3, డ్రాకు 1 చొప్పున కూడబెట్టుకున్న పాయింట్ల పట్టికలో దక్కే మొదటి స్థానం. ఈ రెండు నిర్వచనాలు తెలిసిన ఎవరైనా మేనేజర్లలో ఎవరు గొప్పో తేల్చగలరు గాని, ఆ తీర్పు ఎన్నడూ బెడిసికొట్టకుండా ఉండాలంటే కొంత సాధన కావాలి.

సాధనలో మొదటి మెట్టు, కొలబద్ద కంటే ముందు మేనేజరును ఎంచుకోవడం. అనుభవం లేని అభిమాని ముందుగా ఒక కొలబద్దను తీసుకుని, దానితో అందరినీ కొలిచి, తీరా తనకు గిట్టనివాడు పైకి తేలేసరికి నివ్వెరపోతాడు. అలెక్స్ ఫెర్గూసన్‌ను ఎంచుకున్న అభిమానికి కూడిక ఒక్కటే చాలు. మాంచెస్టర్ యునైటెడ్‌తో 13 ప్రీమియర్ లీగ్ టైటిళ్లు, అవసరపడితే బయటికి తీయడానికి అంతకుముందు అబర్డీన్‌తో స్కాట్లండ్‌లో గెలిచిన మరో 3 ఉన్నాయి కనుక, అతను వేరే గణితం జోలికి పోకూడదు. బాబ్ పెయిస్లీని ఎంచుకున్న లివర్‌పూల్ అభిమానికి కూడిక పనికిరాదు, భాగహారం కావాలి. 1974 నుంచి 1983 వరకు 9 సీజన్లలో 6 టైటిళ్లు గెలిచిన పెయిస్లీ ముందు, ఇరవై ఆరేళ్లకు పైగా ఒకే కుర్చీలో కూర్చుని 13 గెలిచిన ఫెర్గూసన్ వెలవెలబోవడం ఖాయం.

అయితే భాగహారం రెండువైపులా పదునున్న కత్తి. పెప్ గార్డియోలా బార్సిలోనాతో 3, బయెర్న్ మ్యూనిక్‌తో 3, మాంచెస్టర్ సిటీతో 6, వెరసి 2024 నాటికి 15 సీజన్లలో 12 టైటిళ్లు గెలిచాడని ఎదుటివాడు లెక్క చెప్పగానే పెయిస్లీ రెండో స్థానానికి జారిపోతాడు. అంతకంటే చిక్కు ఆర్నె స్లాట్‌తో వస్తుంది; లివర్‌పూల్‌కు వచ్చిన తొలి సీజన్‌లోనే, అంటే 2024-25లోనే, టైటిల్ గెలిచినందువల్ల ఆ ఏడాది మే నెలాఖరుకు ఇంగ్లండ్‌లో అతని సగటు నూటికి నూరు. అందువల్ల భాగహారం చేసే అభిమాని, కనీసం 9 సీజన్లు పనిచేసినవారినే లెక్కలోకి తీసుకోవాలన్న నియమాన్ని, అది అనాదిగా ఉన్నదేనన్నట్లు, వాదన మొదట్లోనే చెప్పి ఉంచుకోవడం మంచిది.

కూడిక, భాగహారం రెండూ చేయిచ్చినప్పుడు డబ్బు ప్రస్తావన తేవాలి. 2003లో చెల్సీని రోమన్ అబ్రమోవిచ్, 2008లో మాంచెస్టర్ సిటీని అబూదాబీ యాజమాన్యం కొన్న తర్వాత ఆ క్లబ్బులకు వచ్చిన టైటిళ్లను పిండి కొద్దీ రొట్టె అని ఒక్క మాటలో కొట్టిపారేయవచ్చు. తన క్లబ్బే ఆ రొట్టె తిన్నదైతే, ఎంత పిండి పోసినా వంట రానివాడి చేతిలో మాడిపోతుందని జవాబివ్వవచ్చు. నిజానికి ఈ వాదనల సంతలో కాస్త నిలబడే సరుకు ఇదొక్కటే. ఆటగాళ్ల జీతాలకు ఎక్కువ ఖర్చు చేసే క్లబ్బులే దీర్ఘకాలంలో పట్టిక పైభాగంలో ఉంటాయని క్రీడా ఆర్థికవేత్తలు చూపించారు. అందుకే, 1977లో కింది డివిజన్ నుంచి పైకి వచ్చిన నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌ను మరుసటి సీజన్‌లోనే విజేతగా నిలిపిన బ్రయన్ క్లఫ్ గాని, 2016లో లెస్టర్‌ను గెలిపించి 2017 ఫిబ్రవరిలోనే ఉద్వాసనకు గురైన క్లాడియో రనియెరి గాని, సంఖ్యలకు అందని విలువ గలవారు. ఇంత న్యాయమైన వాదనను అతిగా వాడితే తన మేనేజరుకే ఎసరు వస్తుంది కనుక అభిమాని దీన్ని పొదుపుగా వాడాలి.

ఇక టైటిల్ దక్కనివారి సంగతి. ఇక్కడ అప్పటి లివర్‌పూల్ మేనేజరు యుర్గెన్ క్లాప్ అభిమానులను గురువులుగా స్వీకరించాలి. 2019 జనవరి 3న మాంచెస్టర్ సిటీ మైదానంలో లివర్‌పూల్ ఆటగాడు సాదియో మానే కొట్టిన బంతి గోల్‌పోస్టుకు తగిలి వెనక్కి వచ్చింది. దాన్ని తన్నేయబోయిన సిటీ ఆటగాడు జాన్ స్టోన్స్ దెబ్బకు అది సొంత గోల్‌కీపరుకే తగిలి గోల్‌లోకి పోతుండగా, స్టోన్సే పరుగున వచ్చి బయటికి తన్నాడు. బంతి మొత్తంగా గీత దాటితేనే గోల్. అప్పటికి దాటవలసింది సెంటీమీటరుకు కాస్త అటూ ఇటూ మాత్రమే. సిటీ 2-1తో గెలిచింది, సీజన్ చివరికి 98 పాయింట్లతో టైటిలూ గెలిచింది. క్లాప్ జట్టుకు 97. ఫెర్గూసన్ తన 13 టైటిళ్లలో ఏ ఒక్కదానికీ 92 దాటలేదు, 1996-97లో అయితే 75తోనే గట్టెక్కాడు. ఇంతకూ 97తో చేతికి ఏమీ రానివాడు, 75తో కప్పు అందుకున్నవాడు, వీరిలో ఎవరు మేలు? క్లాప్ అభిమాని ఈ ప్రశ్న వేసి ఊరుకోవాలి. ఫెర్గూసన్ అభిమాని పట్టిక అబద్ధమాడదని చెప్పి ఊరుకోవాలి. ఇద్దరిలో ఎవరూ తాను పట్టిన కుందేలుకు నాలుగో కాలు ఉందేమోనని తడిమి చూడకూడదు.

వారసత్వం విషయంలో ఒకే సంఘటన ఇరుపక్షాలకూ పనికివస్తుంది. 2013లో ఫెర్గూసన్ విజేతగా తప్పుకోగా, డేవిడ్ మోయిస్ మొదలుపెట్టిన మరుసటి సీజన్‌ను యునైటెడ్ ఏడో స్థానంలో ముగించింది. ఇది ఫెర్గూసన్ మహిమకు రుజువు, లేదా ముసలి జట్టును అంటగట్టి పోయాడనడానికి రుజువు. సహనం ప్రస్తావన వస్తే, 1986 నవంబరులో యునైటెడ్‌లో చేరిన ఫెర్గూసన్‌కు అక్కడ తొలి లీగ్ టైటిల్ 1993లో గాని రాలేదని తన మేనేజరు గురించి గుర్తుచేయాలి, ప్రత్యర్థి మేనేజరు గురించి మరచిపోవాలి.

అర్ధరాత్రి దాకా మేలుకుని ఈ మ్యాచ్‌లు చూసే తెలుగు అభిమానులకు ఒక హెచ్చరిక అవసరం. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును 1950 నుంచి 1954 వరకు వరుసగా 5 రోవర్స్ కప్పులకు, భారత జట్టును 1951, 1962 ఆసియా క్రీడల స్వర్ణాలకు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి చేర్చిన సయ్యద్ అబ్దుల్ రహీం పేరును ఈ వాదనలోకి తేకపోవడమే క్షేమం. ఈ మార్గదర్శిక ప్రకారం ఆయన ఖాతాలో ఉన్న జాతీయ లీగ్ టైటిళ్లు సున్నా. ఆయన 1963లో మరణించారు. భారతదేశంలో జాతీయ ఫుట్‌బాల్ లీగ్ మొదలైంది 1996లో.